జల్లెడను జల్లించిన రోజు

ఆ వయసులో ఏదైనా పుస్తకంలో చదివేస్తే చాలు, అది నాకు వచ్చేసినట్టే అనుకునేదాన్ని. (రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్స్ దగ్గర ఈదేంత నీళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈత పుస్తకం చదివి దూకేసేదాన్నే.) బి.కాం. అయ్యాక ఊళ్ళో లైబ్రరీలో ఎవరూ తెరవని ఒక బీరువా మీద నా కన్ను పడింది. అందులో ఉన్నవన్నీ కంప్యూటర్ పుస్తకాలే. ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఒక్కొక్కటీ తెచ్చుకుని చదివేశాను. వాటిలో ఒక వ్యాసం నన్ను నిద్రపోనివ్వలేదు. ప్రోగ్రామ్ రాయాల్సింది యంత్రం కోసం కాదు, మనిషి చదువుకోవడం కోసం అని అందులో ఉంది. ముందు కథ చెప్పినట్టు ఎందుకో చెప్పాలి, దాని కింద కోడ్ ముక్క రాయాలి, మళ్ళీ కథ అందుకోవాలి. అంతా ఒకటే ఫైలు. ఆ తర్వాత ఒక చిన్న పనిముట్టు దాన్ని రెండుగా వేరుచేస్తుంది. మనిషికి పుస్తకం ఒకవైపు, యంత్రానికి నచ్చిన వరుసలో పేర్చిన కోడ్ ఇంకోవైపు. వంటింట్లో అమ్మ పిండి జల్లిస్తుంటే చూసి, ఉద్యోగంలో చేరాక ఆఫీసు కంప్యూటర్ మీద నేను తయారుచేసుకున్న ఆ పనిముట్టుకు 'జల్లెడ' అని పేరు పెట్టాను.

ఉద్యోగం శంకర్ నగర్‌లో బాబాయి ఆఫీసులో. సొంత బాబాయి కాదు, విజయనగరం నుంచి నాన్నతో పాటు వచ్చినాయన. (రాయపూర్‌లో తెలుగువాళ్ళైతే చాలు, ఏదో ఒక వరస కుదిరిపోతుంది.) ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటర్, ఆయన, నేను. రైస్ మిల్లులకు తూకం చీటీలు కొట్టే ప్రోగ్రాములు చేసేవాళ్ళం. "కొత్త ధాన్యం వచ్చేదాకా చూస్తానమ్మా. పని వస్తే ఉంటావు, లేకపోతే మీ నాన్న సెప్పినట్టు టైపింగ్‌లో చేరిపో" అని మొదటిరోజే చెప్పేశాడు. నాకు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ అంటే భయం. అక్కడ ఇంకొకళ్ళు రాసింది కొట్టడమే తప్ప మనం రాసేది ఉండదు.

బాబాయికి ఒక ఇబ్బంది ఉండేది. ఏటా తేమకింత, గోనెసంచికింత అని తూకంలో తీసేసే లెక్క మారేది. మార్చడానికి మిల్లుకు వెళ్ళి కూర్చుంటే, పోయినేడు తను రాసిన ప్రోగ్రామ్ తనకే అర్థమయ్యేది కాదు. "ఎవడు రాసినాడే ఇది?" అని తిట్టేవాడు, రాసింది తనే అని తెలిసి కూడా. ఇదే సందని జల్లెడ గురించి చెప్పాను. తిల్దాలో ఒక సేఠ్ గారి మిల్లుకు తూకం ప్రోగ్రామ్‌ను అలా కథలాగే రాసి, దానితోపాటు జల్లెడను కూడా ఇచ్చేద్దాం, ఏడాదేడాదీ అక్కడే చదువుకుని మార్చుకోవచ్చు అన్నాను. బాబాయి బుర్ర గోక్కుని "సరే, ప్యాకింగ్ నువ్వే సూసుకో" అన్నాడు.

ఆ ప్యాకింగ్ ఎంత ముచ్చటగా చేశానో! జల్లెడ పుస్తకాన్ని ప్రింటర్ మీద కొట్టి, పండరీ బజారులో బట్టల కొట్టువాడి దగ్గర జరీ అంచు ముక్క ఒకటి అడిగి తెచ్చి, అట్టకు అంటించాను. "ఏటమ్మా ఇది? ప్రోగ్రామా, పెళ్ళి పట్టుచీరా?" అన్నాడు బాబాయి. ఫ్లాపీలోకి ఏమేం వెళ్ళాలో కూడా జాగ్రత్తగా చూశాను. జల్లెడను కూడా నేను జల్లెడ పద్ధతిలోనే, కథలాగే రాసుకున్నాను మరి, ఆ పుస్తకంలో ఉన్నది ఆ కథే. అందులోంచి జల్లించి తీసిన కోడ్, దాంతో తయారై నడిచే జల్లెడ, రెండూ ఆ కథ పక్కనే ఉన్నాయి. వ్యాఖ్య ఒక్కటీ లేకుండా, వరుస తప్పిన ముక్కల గుట్టలా ఉన్న ఆ కోడ్‌ను చూస్తే నాకు సిగ్గేసింది. ఇలాంటిది ఇంకొకళ్ళ ఇంటికి పంపుతామా? పైగా అసలు కథ ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, అంత చదువుకున్నదాన్ని నాకు తెలియదా అనుకుని ఆ రెండూ తీసేసి, శుభ్రంగా కథలు మాత్రం ఎక్కించాను.

ముహూర్తం రోజు ఆఫీసుకు తాళం వేసి ఇద్దరం ప్యాసింజర్ ఎక్కి తిల్దాలో దిగాం. మిల్లు వాకిట్లో కొత్త ధాన్యంతో ట్రాక్టర్లు బారు తీరి ఉన్నాయి. కంప్యూటర్‌కు గంధం, బంతిపూల దండ. మధ్యాహ్నం దాటకముందే మొదటి చీటీ పడాలని పంతులుగారు చెప్పారట. నేను ఫ్లాపీ పెట్టి, అంతా కాపీ చేసి, ధీమాగా 'జల్లెడ' అని కొట్టాను. అలాంటిదేమీ లేదంది కంప్యూటర్. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేదంది. అప్పుడు తెలిసొచ్చింది. జల్లెడ తయారవ్వాలంటే దాని కథను జల్లించాలి. జల్లించడానికి జల్లెడ కావాలి. అది తాళం వేసిన ఆఫీసులో ఉంది.

"క్యా హువా బేటీ?" అన్నారు సేఠ్ గారు.

"పాంచ్ మినిట్, సేఠ్‌జీ" అన్నాడు బాబాయి నవ్వుతూ. తర్వాత నా చెవి దగ్గర, నవ్వు మొహం అలాగే ఉంచి, "ఏటయిందే?" అన్నాడు. చెప్పాను. "అంటే తాళంచెవి పెట్లో పెట్టి పెట్టెకి తాళం ఏసినావు." ఔనన్నాను. "ఆ లైబ్రరీలో ఇది రాయలేదేటి?" రాయలేదన్నాను. (ఆ తర్వాత వెతికితే, రాసే ఉంది. పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో.)

తిరుగు బండి సాయంత్రం దాకా లేదు. తూకం ప్రోగ్రామ్ పెద్దది, దాన్ని చేత్తో జల్లించడం అయ్యే పని కాదు. జల్లెడ చిన్నది. దాన్నొక్కదాన్నీ చేత్తో పేర్చగలిగితే మిగతాది అదే జల్లిస్తుంది. కానీ ఆ తెర మీద ఒకేసారి కనిపించేవి పాతిక వరుసలు. ఏ ముక్క తర్వాత ఏది రావాలో అన్నీ ఎదురుగా ఉంటే తప్ప తోచదు. "కత్తెర కావాలి" అన్నాను. గోనెలు కుట్టే దారం కోసే పెద్ద కత్తెర తెచ్చిచ్చారు. జరీ అంచు పుస్తకం విప్పి కోడ్ ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టాను. బాబాయి వాటిని బస్తాల మీద పరిచి, ఎగరకుండా ఒక్కోదాని మీద గుప్పెడు ధాన్యం పోశాడు. సేఠ్ గారు వచ్చి చూశారు. ఆయన అదీ పూజలో భాగమే అనుకుని చెప్పులు విప్పారు.

పేర్చడం ఓ కొలిక్కి వస్తుండగా ఆయనకు నా మొహం మీద చెమట కనిపించింది. "అరే, బిటియా కో గర్మీ లగ్ రహీ హై" అని పెద్ద పంకా వేయించారు. ధాన్యం కూడా ఆగలేదు. జల్లెడంతా మిల్లులో ఎగిరింది. బాబాయి ఒక బస్తా మీద బోర్లా పడుకుని కొన్ని కాపాడాడు. మిగతావి ఏరుకొచ్చాం. మళ్ళీ పరిచి చూస్తే ఒక ముక్క లేదు. కథలో ఎక్కడ ఆగిందో చూసి, అది ముక్కల పేర్లు వెతికే ముక్క అని గుర్తుపట్టాను. అదెక్కడ అమరుతుందో చూడకుండా మిగతావి పేర్చలేను, తెర మీద పాతికేసి వరుసలు తిప్పుతూ దాన్ని వెతికేంత వ్యవధి లేదు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. బయట ట్రాక్టరువాళ్ళు హారన్లు కొడుతున్నారు. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ చప్పుడు నా చెవుల్లో వినిపిస్తోంది.

అంతలో బస్తా దించి తిరిగొస్తున్న హమాలీ ఒకాయన నా ముందు ఆగి వెనక్కి తిరిగాడు. "ఏ నోనీ, యే కాగజ్ తోర్ హే కా?" చెమటకు వీపున అతుక్కుని ఉంది ఆ ముక్క. నీదేనా అమ్మాయ్ అని అడుగుతున్నాడు. ఒలిచి తీస్తే చిరిగిపోతుందేమోనని, అక్కడే చదివేశాను. ఆయన కితకితలు ఆపుకుంటూ కదలకుండా నిలబడ్డాడు.

ఆ వరుస చూసుకుంటూ కంప్యూటర్‌లో ముక్కలు అటూ ఇటూ జరిపాను. జల్లెడ తయారైంది. జల్లెడ తూకాన్ని జల్లించింది. మొదటి ట్రాక్టర్ తూగింది, ప్రింటర్ కీచుమంటూ చీటీ బయటికి తోసింది. పంతులుగారు కొబ్బరికాయ కొట్టారు.

తిరుగు బండిలో బాబాయి చొక్కాకు అంటిన ధాన్యం పొట్టు దులుపుకుంటూ కూర్చున్నాడు. నేనే అడిగాను, రేపటినుంచి రావాలా వద్దా అని. కిటికీ వైపు చూస్తూ "పదింటికి రా. కత్తెర మాత్రం నీదే తెచ్చుకో" అన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళికి తిల్దా వెళ్ళి, పనిగట్టుకుని ఆ మిల్లుకు వెళ్ళాను. కంప్యూటర్ మారిపోయింది, తూకం మారిపోయింది. సేఠ్ గారి అబ్బాయి లోపలికి తీసుకెళ్ళి పూజ గూడు చూపించాడు. లక్ష్మీదేవి పక్కన జరీ అంచు పుస్తకం, అట్ట నిండా ఏటేటా పెట్టిన కుంకుమ బొట్లు. ముట్టుకోకూడదని వాళ్ళ నాన్నగారు చెప్పారట. బతిమాలి తెరిచాను. పేజీ పేజీకీ ఆ రోజు కత్తెర చేసిన కిటికీలు, కిటికీల మధ్య నా కథ. మనుషులు చదువుకోవాలని రాసిన పుస్తకం అది. ఒక్కరూ చదవలేదు. నేను కూడా చదవలేదు, ఒక బొట్టు పెట్టి మూసేశాను.