అక్క కోసం కొన్న రెండు రోజులు

పెళ్లయి పిల్లలున్న ముగ్గురు పెద్దవాళ్లు, పిల్లల్ని ఇళ్లలో వదిలేసి, హైదరాబాద్ శివార్లలోని నీళ్ల పార్కుకు ఆడుకోవడానికి పోతున్నారంటే వనపర్తిలో మా వాడకట్టంతా నవ్వింది. "ఏందమ్మా, చిన్నపిల్లలయిన్రా?" అని పక్కింటామె మొహం మీదే అడిగేసింది. "ఇన్నాళ్లకు అయినం" అన్నాను. ఊరుకునే నోరు కాదు నాది.

నిజానికి మేం చిన్నపిల్లలుగా ఉన్న కాలమే తక్కువ. తిమ్మాజిపేట దగ్గరి పల్లె మాది. అమ్మా నాన్నా ఏటా దసరా దాటగానే మేస్త్రీ వెంట ఎక్కడెక్కడో కాలువ పనులకు వలస పోయేవారు. ఉగాదికి వచ్చేవారు. మా ముగ్గుర్నీ అవ్వ దగ్గర వదిలేవారు. అవ్వకు చూపు ఆనేది కాదు కనుక మమ్మల్ని సాకింది అక్కే. నాకు జడలు వేసింది, తమ్ముడి ముక్కు తుడిచింది, మా ఇద్దర్నీ బడిలో దించి తాను మాత్రం గడప నుంచే వెనక్కి తిరిగేది. నాన్న వచ్చినప్పుడల్లా పట్నాల్లో చూసిన వింతలన్నీ చెప్పి, "వచ్చే ఏడు మిమ్మల్ని గూడ తోలుకపోత" అనేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. అక్క ప్రతిసారీ నమ్మేది.

తర్వాత ఎవరి దారి వాళ్లదయింది. అక్కను గద్వాల అవతల వడ్డేపల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. నన్ను వనపర్తిలో ఇచ్చారు. తమ్ముడు నాగర్‌కర్నూల్‌లో కిరాయి జీపు నడుపుతూ అక్కడే ఇల్లు చూసుకున్నాడు. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయారు. పల్లెలో ఇల్లు ఒక వానాకాలం కూలితే, మళ్లీ లేపుదామని మాలో ఎవరూ అనలేదు.

పుట్టిల్లు లేకపోతే ఆడదానికి సెలవుండదు. నాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఆయన నెమ్మదస్తుడు. తమ్ముడి దగ్గరికి పోయొస్తానంటే పొమ్మనేవాడు. అక్క అత్తగారిల్లు వేరు. చెడ్డవాళ్లని అనను, కొట్టడాలు తిట్టడాలు లేవు. కానీ వాళ్లది సీడు పత్తి. మామూలు పత్తయితే గింజ వేసి కలుపు తీసి ఎదురుచూస్తాం. విత్తనాల కోసం వేసే పత్తి అలా కాదు. శ్రావణం నుంచి దసరా దాకా రోజూ సాయంత్రం ఒక్కొక్క మొగ్గను చేత్తో ఒలవాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పితే ఆ పూట పువ్వులన్నీ పోయినట్టే. ఆ పని అయ్యాక ఏరుడు, అది అయ్యాక మిరప. అక్క చేయి ఆ ఊళ్లో అందరికంటే వడి అని పేరు. ఆ పేరే ఆమెను కట్టేసిందని నాకనిపిస్తుంది.

అలాంటి అక్కను ఒక్కరోజు బయటికి తేగలిగింది తమ్ముడే. జీపు సొంతమైన సంబరంలో, ఒక మాఘమాసాన, ఎవరినీ అడక్కుండా ముందే నీళ్ల పార్కుకు మూడు టికెట్లు తెప్పించి, అవి పట్టుకుని అక్క వాళ్లింటికి పోయి కూర్చున్నాడు. అక్క అత్త టికెట్లను తిప్పి తిప్పి చూసిందట. "అడగకుండ ఎందుకు కొన్నవు నాయినా?" అని కాసేపు గొణిగి, చివరికి, "కొన్నంక ఏం జేస్తం? దండుగ గావొద్దు. పొయ్యిరా" అందట అక్కతో. ఆ ఇంట్లో దేన్నయినా క్షమిస్తారు గానీ డబ్బు పెట్టింది వృథా కావడాన్ని మాత్రం క్షమించరు. ఒకసారి ముందే మాట్లాడుకున్న బండి వృథా కావొద్దని అక్కను జ్వరంతోనే పెళ్లికి తోలారు.

ఆ రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. చీరలతో నీళ్లలోకి రానివ్వం అన్నారు. అద్దెకు నైలాను చొక్కా, ప్యాంటు ఇచ్చారు. అవి వేసుకుని గదిలోంచి బయటికి రావడానికి అక్క ఎంతసేపు చేసిందో! నేను తలుపు కొట్టీ కొట్టీ విసిగిపోయాను. చివరకు చేతులు రెండూ ఎదమీద కప్పుకుని వచ్చింది. "నవ్వినవనుకో, చంపుత" అంది. తమ్ముడు నవ్వలేదు గానీ, అటు తిరిగి భుజాలు కదిలిస్తుంటే తెలిసిపోయింది.

అలల కొలను దగ్గర అసలు సంగతి జరిగింది. గంట మోగగానే అవతలి గోడ నుంచి అలలు లేచి రావడం మొదలుపెట్టాయి. మేం ముగ్గురం సముద్రం చూసినవాళ్లం కాదు. అక్క నన్నొక పక్క, తమ్ముణ్నొక పక్క గట్టిగా పట్టుకుని నిలబడింది. ఎప్పుడూ మా చేతులు పట్టుకుని నడిపించింది ఆమే. కానీ ఆ రోజు పట్టు వేరు, తాను పడిపోకుండా పట్టుకున్న పట్టు. అల వచ్చి గొంతుదాకా తగిలినప్పుడల్లా కేక వేసి, వెంటనే "మల్ల రానీ, మల్ల రానీ" అని అరిచింది. అక్క నవ్వు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం తలలు ఆరక ముందే బయటికి వస్తుంటే గేటు పక్కన ఒక చిన్న గది, దాని ముందు గుంపు కనిపించాయి. ఇవాళ్టి టికెట్ చూపించి ఇంకొంత డబ్బు కడితే ఇంకో రెండు రోజులకు టికెట్లు ఇస్తారట. ఏడాదిలోగా ఎప్పుడైనా రావచ్చు, రెండూ వేరువేరుగా వాడుకోవచ్చు. కానీ గేటు దాటక ముందే కొనాలి, దాటితే లేదు. చెప్పే అబ్బాయి మైకులో పాటలా చెబుతున్నాడు.

నేను పట్టించుకోకుండా నడిచాను. వెనక్కి తిరిగితే అక్క ఆ గది ముందే నిలబడి ఉంది.

"కొందామే" అంది.

"నీకేమన్న పిచ్చా?" అన్నాను. "ఏడాదిల రెండుసార్లు యాడికెల్లి వస్తవ్? శ్రావణంల వస్తవా? ఏరుడప్పుడు వస్తవా? వీళ్లు అమ్మేది మనం వచ్చే దినాలు గాదు, రాని దినాలు. మనసొంటోళ్లు కొని రాకపోతేనే వీళ్లకు లాభం."

ఈ మాట నాకే తెలివైన మాటగా తోచింది. తమ్ముడు కూడా తలూపాడు. "చిన్నక్క చెప్పేది నిజమే పెద్దక్కా. మల్ల రావాలనుకుంటే అప్పుడే కొందం. టికెట్లేడికి పోతయి?"

అక్క తడిజుట్టు భుజం మీద వేసుకుని మైకబ్బాయినే చూస్తోంది. జనం తోసుకుంటూ పోతున్నారు. చీకటి పడక ముందే జడ్చర్ల దాటాలని తమ్ముడు తొందరపడుతున్నాడు. నాకు విసుగు పుట్టింది. "నడువు. ఆశకు హద్దుండాలె" అన్నాను, చేయి పట్టి లాగుతూ.

అక్క కదల్లేదు. నా చెవి దగ్గరికి వంగి, తమ్ముడికి కూడా వినపడనంత మెల్లగా అంది: "నేను రావాలని కాదే. నన్ను తోలాలని. కొని పెట్టుంటే తోలుతరు. కొనకుంటే యాడికి పోతున్ననని చెప్పాలె? నాకు పోయే ఊరేదున్నది?"

అప్పుడు అర్థమైంది నాకు. అక్క టికెట్ కొనమనడం లేదు, పుట్టిల్లు కొనమంటోంది. పండగకనో అమ్మను చూసొస్తాననో అడగడానికి ఒక గడప ఉండాలి కదా. ఆమెకు ఆ గడప లేదు. ఈ కాగితం ముక్క ఉంటే, దండుగ కాకూడదనే భయంతో ఆ ఇల్లే ఆమెను బయటికి పంపుతుంది. కూలిన మా ఇంటి గోడలు గుర్తొచ్చాయి. లేపుదామని మాలో ఎవరం అనలేదు మరి.

నేను తమ్ముడి వైపు తిరిగి, "కొను" అన్నాను.

"ఇప్పుడే వద్దంటివి గద?" అన్నాడు వాడు.

"ఇప్పుడు కొనమంటున్న. కొను."

వాడు నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసి, ఇంకేం అడగకుండా వరసలో నిలబడ్డాడు. టికెట్లన్నీ నా దగ్గరే పెట్టుకున్నాను. జీపులో అక్క దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఈసారి పై నుంచి కిందికి జారేది ఎక్కుతుందట, అద్దె బట్టలు కాకుండా సొంతంగా కుట్టించుకొస్తుందట. కొత్తకోటలో నేను దిగుతుంటే, "పైలం" అంది. జాగ్రత్తగా చూసుకోవాల్సింది నన్నా, టికెట్లనా అని అడిగితే ఇద్దర్నీ అంది.

ఆ ఏడాది మా ఫోన్లు ఎక్కువయ్యాయి. ఎప్పుడు పోదామనేదే మాట. ఎండాకాలమంతా ఆమె మరిది పెళ్లి పనులతోనే గడిచిపోయింది. శ్రావణం వచ్చాక ఫోన్ ఎత్తడానికే ఆమెకు తీరేది కాదు. దీపావళి దాటాక ఒక రోజు ఖాయం చేసుకున్నాం. వాళ్ల అత్తకు ముందే చెప్పాం. ఆమె కూడా, "కొన్నరు గదా, పోవాల్నాయె" అంది. తమ్ముడు పోయి అక్కను ఎక్కించుకుని రావాలి, నేను కొత్తకోటలో హైవే మీద నిలబడాలి.

జీపు వచ్చి ఆగింది. అందులోంచి అక్క ఆడబిడ్డ దిగింది.

ఇంటర్ చదువుతున్న పిల్ల. చేతిలో రొట్టెల మూట. "వదినె పంపింది అక్కా, సజ్జరొట్టెలు" అంది నవ్వుతూ. పత్తి పగిలిందట, మనుషులు దొరకడం లేదట, కూలోళ్ల వెంట అక్క లేకపోతే కాదట. టికెట్ మాత్రం దండుగ కాకూడదు కదా, అందుకని అత్త తన బిడ్డను తోలింది. అక్క లెక్క తప్పింది. ఆ ఇంట్లో వృథా కాకూడనిది టికెట్టే. ఎవరు పోయారన్నది ఎవరికీ పట్టలేదు.

నేను తమ్ముణ్ని పక్కకు లాగాను. "ఈ పిల్లను ఎక్కించుకునేటప్పుడు నీ నోరు పడిపోయిందా?"

"నేనేమనాలె చిన్నక్కా?" అన్నాడు, కళ్లు ఎటో పెట్టుకుని. "పెద్దక్కనే ఎక్కిచ్చింది. డోరు గూడ ఆమెనే ఏసింది."

పిల్లదేం తప్పు? మంచి పిల్ల. దారంతా కిటికీలోంచి చూస్తూ ప్రతి ఊరి బోర్డూ చదివింది. అలల కొలనులో గంట మోగగానే భయపడి నా చేయి గట్టిగా పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. కానీ అల వచ్చిన ప్రతిసారీ నా రెండో పక్క ఎవరున్నారా అని చూసుకున్నాను. అంతమంది జనంలో నాకు అంత ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "అలలు గట్లనే వస్తున్నయా?"

"వస్తున్నయి."

"పిల్ల జడుసుకున్నదా?"

"జడుసుకున్నది."

"చెయ్యి పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

"మంచి పని చేసినవు" అంది.

ఇక ఒక్క రోజు మిగిలింది. మళ్లీ మాఘం దగ్గరపడుతోంది, గడువు దాటిపోతుంది. అప్పుడు అక్క అత్త స్వయంగా నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, మా చెల్లె కొడుకు వచ్చిండు. ఆ మిగిలిన దినం వానికిస్తే వాడన్న చూసొస్తడు."

"కుదరదత్తా" అన్నాను. "అది మీ కోడలుది. ఆమె వస్తె పోతం. రాకుంటే ఎవ్వరం పోం."

"పైసలు పోతయి గదా బిడ్డా!"

"పోనియ్యి."

ఎవరైనా డబ్బు గురించి అలా అనగలరని ఆమె అనుకుని ఉండదు. ఆమెకు పట్టుకున్న ఆ భయమే అక్కను బయటికి తోలుతుందని నా ఆశ. గడువు చివరి రోజు వరకూ ఆ ఆశ నాకుంది. ఆ పొద్దున తమ్ముడు చెప్పకుండానే జీపు వేసుకుని వడ్డేపల్లి పోయాడు. నేను కొత్తకోటలో నిలబడ్డాను. ఎండ నెత్తి మీదికి వచ్చాక జీపు వచ్చింది. తమ్ముడొక్కడే ఉన్నాడు. మిరపకాయ కళ్లంలో ఉందట. ఇద్దరం టీ తాగి, ఎవరిళ్లకు వాళ్లం పోయాం.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. చేను గట్టు మీది నుంచి మాట్లాడుతోంది, గాలి చప్పుడు వినిపిస్తోంది. "అత్త ఇంక గులుగుతనే ఉన్నది చెల్లే, ఒకటే సణుగుడు. మంచిగ కొన్న టికెట్ దండుగ చేసిన్రని ఊరందరికి చెప్తున్నది."

"ఏమంటవు మరి? మీ అత్త చెల్లె కొడుకుకు ఇయ్యాల్సి ఉండెనా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"వద్దు వద్దు" అంది అక్క. నవ్వింది. కొలనులో నవ్విన నవ్వు కాదు, చాలా చిన్నది. "గులగనియ్యి తియ్. ఈ ఇంటికి వచ్చినకాడికెల్లి నాది ఒక్క పూట దండుగ గాలే. నా పేరు మీద ఒక దినమన్న దండుగ గానియ్యి."