జంతికల గొట్టంలోంచి వచ్చిన మెదడు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్లప్పుడు, నాకన్నా తెలివైనవాళ్లు మా ఇంట్లో ఉండొచ్చని నాకు తోచలేదు. అరవయ్యో దశకం చివర్లో బాపట్లలో ట్రైనింగు ముగించి, రేపల్లెలో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరాను. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లిరావడం. ఇన్‌స్పెక్టరుగారు నా పాఠం విని బాగుందంటేనే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. ఆయన వచ్చే రోజుకు నా వంతుకు వచ్చిన పాఠం మెదడు. బడిలో ఉన్నది పాత పటం ఒక్కటే (అందులోనూ చెదలు సరిగ్గా మెదడే తిన్నాయి).

బొమ్మ చేద్దామనుకున్నాను. ఆ మడతలు ఎలా తెప్పించాలా అని తల పట్టుకుంటే అటక మీద జంతికల గొట్టం కనిపించింది. ఆయన వచ్చే రోజు తెల్లవారుతూనే బియ్యప్పిండి తడిపి, పసుపు కలిపి, మెలికలు మెలికలుగా వత్తి పెద్దమెదడు రెండు సగాలూ చేశాను. చిన్నమెదడు వేరుగా కనబడాలని దానికి కారం కలిపాను. పుర్రెకు ఒక పగిలిన కుండ. నా తెలివికి నేనే మురిసిపోతూ స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా మేనత్త పొయ్యి దగ్గర ఉంది. మూకుట్లో నా పాఠం వేగుతోంది.

“ఏంటే, ఉప్పెయ్యడం మర్చిపోయావు? పైన చల్లాన్లే. అంతలావు ముద్దలు లోపల వేగవని ఒక్కోటి నాలుగు ముక్కలు చేశా. ఆ కారం ముద్ద మాత్రం అలాగే వేశా.”

“అది మెదడు అత్తయ్యా!” అని ఏడ్చాను.

“నీకుందా అది? వెన్నెయ్యకుండా ఎవరైనా జంతికలు చేస్తారా?” అంటూనే, నా కన్నీళ్లు చూసి కంగారుపడి, కొంగుతో మొహం తుడిచి అన్నీ పొట్లం కట్టి ఇచ్చింది. రైలు వేళైపోయింది. దారి పొడవునా ఆవిణ్ణి తిట్టుకున్నాను.

ఇన్‌స్పెక్టరుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. పొట్లం విప్పితే ఒక్కో సగానికి నాలుగేసి ముక్కలు. మెదడు ప్రతి సగంలోనూ నాలుగు భాగాలుంటాయని నేను చదువుకున్నదే, బొమ్మ చేసే సంబరంలో అది చూపించడమే మరిచాను. ముక్కలు కుండలో సర్దుతూ, నుదుటి వెనకది ఆలోచనకు, నడినెత్తి కిందది స్పర్శకు, కణత దగ్గరది వినడానికి, వెనకది చూడడానికి అని చెప్పుకుపోయాను. ఎర్రటిది కింద పెట్టి, మనల్ని తూలిపోకుండా నిలబెట్టేది ఇదేనన్నాను. పుర్రె అడ్డు లేకపోతే ఏమవుతుందో చూడండని ఒక ముక్క నొక్కాను. కరకరమని విరిగింది. పిల్లలంతా నవ్వారు.

“ఇలా విడదీసి చూపించినవాళ్లు ఎవరూ లేరమ్మా,” అన్నారాయన. దగ్గరికొచ్చి, వాసన చూసి, “తినొచ్చా?” అన్నారు.

“తినొచ్చండి,” అన్నాను నీరసంగా.

చిన్నమెదడు కొరికి, “కారం కాస్త ఎక్కువైందమ్మా,” అంటూనే మొత్తం తినేశారు.

సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలోనే ఉంది. పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదట.

“నీ ఉద్యోగం నేనే పోగొట్టానా అమ్మా?”

“లేదు, ఖాయమైంది,” అన్నాను. ఎలా ఖాయమైందో మాత్రం చెప్పలేదు. నా తెలివే గట్టెక్కించిందని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను, ఆవిడ ఎదుట కూడా. ఆవిడ ప్రతిసారీ మురిసిపోతూ తలూపేది. ఆవిడ వయసు నాకొచ్చిన ఈ రోజున ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఒక మొట్టికాయ వెయ్యాలనీ ఉంటుంది. “నువ్వు కోసిన ముక్కలే నన్ను నిలబెట్టాయి అత్తయ్యా” అని ఒక్కసారి అంటే నా సొమ్మేం పోయేది!