చంద్రమ్మ భయం, రామచంద్రం చదువు

రామచంద్రం గచ్చిబౌలి ప్రాథమిక పాఠశాలలో పంతులు. అక్కడే పుట్టి, అదే బడిలో చదివి, అక్కడే పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు. 1972లో అతన్ని ఉపాధ్యాయ శిక్షణకు పట్నం పంపారు. పొద్దున్నే సైకిల్ మీద లింగంపల్లి వెళ్లి అక్కడ రైలెక్కేవాడు. కాని ఆ ఏడాది పాఠాల్లో ఉన్నది అతని సగం మనసే. మిగతా సగం, ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్న భార్య చంద్రమ్మ దగ్గర ఉండేది.

ఆ ఎండాకాలం చంద్రమ్మ తమ్ముడు సాయిలు లింగంపల్లి బాట పక్క క్వారీలో చనిపోయాడు. మందు పెట్టి బండను పేల్చినప్పుడు రాయి ఎగిరొచ్చి తగిలింది. అతనికి సద్ది పట్టుకెళ్లిన చంద్రమ్మ ఎదురుగానే ఉంది.

మొదట్లో క్వారీ పేలుడు వినబడితే వణికేది. తర్వాత సుత్తి చప్పుడుకు, ఆ తర్వాత పక్కింటి రోకటి పోటుకు కూడా చెవులు మూసుకుని మూలకు చేరేది. వానలు పడేసరికి గడప దాటడం మానేసింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. అంతకుముందు తొలిచూలు బిడ్డ ఇంట్లోనే పురిట్లో పోయింది. ఈసారి మంత్రసాని కిష్టమ్మ కడుపు తడిమి చూసి ముఖం ముడుచుకుంది.

"బిడ్డ అడ్డం ఉన్నది సారూ. ఇంట్ల నాతోని కాదు. నొప్పులు రాకముందే పట్నం దవాఖానకు తోలుకపో."

పట్నం పోవాలంటే క్వారీ ముందు నుంచే పోవాలి. బండి బాట వేరే లేదు.

"దానికి గాలి సోకిందిరా కొడుకా," అంది రామచంద్రం తల్లి రుక్కమ్మ. "పక్కూరి మంత్రగాడు వచ్చి వేపమండలతోని నాలుగు దెబ్బలేస్తే దిగుతది."

"కడుపుతోని ఉన్నదాన్ని కొట్టిస్తవా అమ్మా?"

"మరి నీ సదువుల ఏమన్న ఉన్నదా దీనికి? ఉంటే చెప్పు."

రామచంద్రం పుస్తకాల సంచి తీసుకుని సైకిలెక్కాడు.

శిక్షణలో మనోవిజ్ఞాన శాస్త్రం చెప్పే సోమేశ్వరరావుది కాకినాడ. ఆ శాస్త్రం మొదట తత్వశాస్త్రంలో ఒక భాగమని, పూర్వం దాన్ని ఆత్మను గురించిన విద్య అనేవారని, తర్వాత మనసును గురించి అన్నారని, చివరికి మనిషి ప్రవర్తనను గురించి అన్నారని చెప్పాడు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ అనే ఆచార్యుడు ప్రయోగశాల పెట్టి, చప్పుడు విన్న మనిషి బదులివ్వడానికి ఎంతసేపు పడుతుందో కొలిపించాడని చెప్పాడు. రామచంద్రం అన్నీ రాసుకున్నాడు. ఏదీ చంద్రమ్మకు పనికొచ్చేలా లేదు.

తర్వాతొక రోజు ఆయన అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పాడు. పసివాడొకడు తెల్ల ఎలుకతో ఆడుకునేవాడు. వాడు దాన్ని ముట్టబోయినప్పుడల్లా వెనక ఇనుపకడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నాళ్లకు చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే ఏడవసాగాడు. ఎలుకను పోలిన బొచ్చు వస్తువులన్నా భయపడ్డాడు. సుత్తి మాట వినగానే రామచంద్రం రాయడం ఆపేశాడు.

తరగతి అయ్యాక రామచంద్రం ఆయన వెంటపడ్డాడు. "సార్, ఆ పిల్లవాడి భయం పోగొట్టిన్రా?"

"లేదండీ. ఆలోపే తల్లి తీసుకెళ్లిపోయింది. కాని కొన్నేళ్లకు ఒక పరిశోధకురాలు కుందేలంటే జడిసే ఇంకో పిల్లాడికి నయం చేసిందండి. వాడికిష్టమైనది తినిపిస్తూ, కుందేలును రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపించింది."

రామచంద్రం ఆ మాటనే పట్టుకున్నాడు. చంద్రమ్మకు సీతాఫలాలంటే ప్రాణం. గుట్టల్లో అవి పండే కాలం. పండు చేతికిచ్చి మొదట గడప దాకా, తర్వాత వాకిలి దాకా, ఇంకొన్నాళ్లకు వీధి చివర మర్రోళ్ల ఇంటి గోడ దాకా నడిపించాడు. ఆమె తింటూ అతని ముఖంలోకే చూసేది. మంచిగైతున్నదని అతను పొంగిపోయాడు. కాని కడుపు పెరుగుతోంది, రోజులు దగ్గరపడుతున్నాయి. ఆ తొందరలో ఒకనాడు ఆమెను ఒక్కసారే క్వారీ కనబడే మలుపు దాకా తీసుకెళ్లాడు.

అప్పుడే బండ పేలింది.

చంద్రమ్మ చేతిలో పండు జారిపోయింది. కడుపు పట్టుకుని రాళ్లలో పడుతూ లేస్తూ ఇంటికి పరుగెత్తింది. ఆ రోజంతా బిడ్డ కదలలేదంది. మర్నాడు కదిలిందిగాని, సీతాఫలం చూపిస్తే వాంతి చేసుకుంది.

రామచంద్రం సోమేశ్వరరావు దగ్గర కూలబడ్డాడు. "ఆ ఎలుక పిల్లగాన్ని చేసినట్టే చేసిన సార్. ఇప్పుడు పండు చూసినా భయపడుతున్నది."

సోమేశ్వరరావు చేతిలోని పుస్తకం మూసేశాడు. "నేను పుస్తకంలో ఉన్నదే చెప్పానండి. ఎవరికీ నయం చేసి చూడలేదు. వర్ణించడం, వివరించడం, ముందుగా ఊహించడం, అదుపు చేయడం, ఇవీ ఈ శాస్త్రం లక్ష్యాలని ఏటా చెబుతాను. అదుపు ఎవరి చేతిలో ఉండాలో ఎవరూ అడగలేదు. పోనీ, ఆవిడకేం కావాలో మీరు అడిగారా?"

అడగలేదు.

ఆ సాయంత్రం అడిగాడు. చంద్రమ్మ గోడవైపు తిరిగే చెప్పింది.

"నువ్వు నన్ను మేకపిల్ల లెక్క పండు చూపిచ్చుకుంట తోలుకపోయినవ్. అది ఎప్పుడు పేలుతదో నాకు తెల్వదు. గదే నా భయం. ఎప్పుడు నడవాల్నో, ఎప్పుడు ఆగాల్నో నేను చెప్త. నువ్వు ఊకెనే నా ఎంట రా."

తర్వాత వారం రోజులు ఆమె కదలనే లేదు. రామచంద్రం నోరు మెదపలేక నరకం చూశాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఆమే లేచి, క్వారీలో పేల్చేముందు హెచ్చరికగా కేక వేసే తన మేనమామ మొగిలిని పిలిపించింది. రంధ్రం ఎట్ల తవ్వుతరు, మందు ఎంత పెడతరు, ఒత్తి ఎంతసేపు కాలుతది, కేక ఎప్పుడు వేస్తరు, అన్నీ అడిగింది. మొగిలి నేల మీద గీతలు గీసి చెప్పాడు. సాయిలు ఎక్కడ నిలబడ్డాడో కూడా అడిగింది. అప్పుడు మొగిలి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

మర్నాటి నుంచి మొగిలి కేక వినబడగానే గడప పట్టుకుని నిలబడేది. పేలేదాకా తనే పైకి లెక్కపెట్టేది. కొన్ని రోజులు లెక్క మధ్యలో లోపలికి ఉరికింది. కొన్ని రోజులు నిలబడింది. వాకిట్లోకి వచ్చింది. వెనక్కి పోయింది. మలుపు దాకా పోకముందే నొప్పులు మొదలయ్యాయి.

ఎడ్లబండి ఎక్కేటప్పుడు ఆమె ముఖం సున్నంలా ఉంది. క్వారీ దగ్గరపడుతుంటే రామచంద్రం ఆమె చెవులు మూయబోయాడు.

"తియ్ చేతులు," అంది. "కేక వినబడనియ్."

కేక వినబడింది. బండి ఆపారు. నొప్పుల మధ్య పళ్లు బిగించి లెక్కపెట్టింది. బండ పేలింది. ఎడ్లు బెదిరాయి. చంద్రమ్మ రామచంద్రం మోచేతిలో గోళ్లు దించి, "నడువు" అంది.

దవాఖానలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరూ బతికారు.

చంద్రమ్మ భయం పూర్తిగా పోలేదు. దీపావళికి దుప్పటి కప్పుకునేది, లారీ టైరు పేలితే అక్కడే కూర్చుండిపోయేది. కాని బాట నడిచేది, సంతకు పోయేది. రామచంద్రం శిక్షణ ముగించుకుని తిరిగి తన బడికి వచ్చాడు. క్వారీ వైపు నుంచి పేలుడు వినబడితే చాలు, చెబుతున్న పాఠం ఆపి కిటికీ దగ్గరికి పోయేవాడు. బడి ఎదుటి తన ఇంటి వాకిట్లో చంద్రమ్మ కనబడేదాకా అక్కడే నిలబడేవాడు. ఒక్కోసారి ఆమె బావి దగ్గరో చేనులోనో ఉండేది. అప్పుడు పిల్లల్ని వదిలేసి ఇంటికి పరుగెత్తేవాడు.