నీలి పిల్లి నుదుట బొట్టు

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసుకు మనిషి ఎత్తు అట్టపెట్టె ఒకటి వచ్చింది. విప్పితే ఎలుగుబంటి తల. వచ్చే వేసవికి తెరవబోయే పార్కులో పిల్లల మధ్య తిరిగే వేషం అది. మెడ దగ్గర గాలి ఆడుతుందో లేదో చూద్దామని దాన్ని నా తలకు తగిలించుకున్నాను. కొత్త స్పాంజి, జిగురు, వెల్వెట్ గుడ్డ, అన్నీ కలిసిన వాసన గుప్పుమంది. పదిమందికి పని చెప్పాల్సిన మనిషిని ఎలుగుబంటి తలలో అలాగే నిలబడిపోయాను. బయట మా వాళ్లు "మేడం, ఊపిరాడుతోందా?" అని అడుగుతున్నారు. ఊపిరి బాగానే ఆడుతోంది. మనసే హైవే దాటి, వనపర్తి దాటి, కుర్మయ్య సారు దగ్గరికి పరుగెత్తింది.

నా ఉద్యోగం చెబితే చాలామంది నవ్వుతారు. వినోదాల పార్కుల్లో ఏ మూల ఏ లోకం కట్టాలి, జనానికి ఏం తినిపించాలి, ఏ బొమ్మ వేషాన్ని ఏ కంపెనీ నుంచి అనుమతి తీసుకుని తిప్పాలి, ఇవన్నీ తేల్చడమే నా పని. ఆడుతూ పాడుతూ చేసే పనిలా కనిపిస్తుంది కానీ, ఒక్క లెక్క తప్పితే పార్కంతా కళ తప్పుతుంది. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. ముప్పై ఏళ్లు పాలమూరు జాతరల్లో జెయింట్ వీల్ తిప్పిన కుర్మయ్య సారు నేర్పించారు. సారు ఇప్పుడు లేరు. కానీ ఆయన మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ దిగులు కాదు, హుషారు పుడుతుంది.

నేను గద్వాలలో మగ్గం ఇంట్లో పుట్టాను. హైదరాబాదులో డిజైన్ చదివి బయటికి రాగానే గద్వాలకూ వనపర్తికీ నడుమ హైవే పక్కన కొత్తగా కడుతున్న పార్కులో ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. పార్కు యజమాని హైదరాబాదులో ఉండేవాడు. ఇక్కడ మేనేజరు కుర్మయ్య సారు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, దారంతో మెడకు వేలాడే కళ్లజోడు. మొదటిరోజే నా లాప్‌టాప్ తెరిచి రాత్రింబగళ్లు కూర్చుని గీసిన కోట బొమ్మ చూపించాను. బురుజులు, జెండాలు, పైకెత్తే వంతెన. నాకైతే కళ్లు చెదిరిపోతున్నాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మస్తుగుంది బిడ్డా. మీదే ఊరు?"

"గద్వాల సారూ."

"గద్వాలల కోట లేదా?"

"ఉంది సారూ."

"దాన్ని చూడనీకని ఎన్నిసార్లు పోయినవ్?"

ఆ కోట పక్కనుంచే పదేళ్లు బడికి నడిచాను. చూడాలని ప్రత్యేకంగా ఒక్కనాడూ వెళ్లలేదు.

మర్నాడు ఆయన నన్ను బస్సెక్కించారు. మూడు రోజులు మూడు ఊళ్లు. ఎక్కడికెళ్లినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "ఒక్కదినం పని ఇడిసిపెట్టి ఏదన్న చూడాలంటే ఏం చూస్తరు?" నా దగ్గర రెండో పథకంగా అడవి ఉండేది. ప్లాస్టిక్ చెట్లు, కరెంటు పులులు. అమ్రాబాద్‌లో ఒకామె అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పొద్దున లేస్తె అడివే గద సారూ. మళ్ల టికెట్ కొని చూడాల్నా?" వడ్డేపల్లిలో విత్తనాల కోసం సీడు పత్తి వేసే రైతు ఒకాయన కాసేపు ఆలోచించి, "సముద్రం," అన్నాడు. "టీవీల చూసిన. గన్ని నీళ్లు నిజంగనే ఉంటయా అని అనుమానం." మూడో రోజు గద్వాలలో మా ఇంటికే వెళ్లాం. అమ్మ మగ్గం మీద ఉంది. చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది. "సముద్రంల కాళ్లు తడుపుకోవాలె సారూ. ఎన్నేండ్లాయెనో అనుకొని." ఇరవై రెండేళ్లుగా ఆమె కూతురిని. ఆమెకు అలాంటి కోరిక ఉందని నాకు తెలియదు. సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! తిరుగు బస్సులోనే కోటను చెరిపేసి ఓడ గీశాను. అలల కొలను, దీపస్తంభం, ఇసుక ఒడ్డు, నడుమ మూడంతస్తుల ఓడ. బస్సు కుదుపులకు గీతలు వంకర పోతుంటే సారు పక్కనుంచి, "పోనియ్, అలలు సక్కగుంటయా ఏంది," అంటున్నారు.

ఓడ పూర్తికాకముందే సగం పార్కు తెరిచాం. సారుకు ఒక అలవాటు ఉండేది. ఉదయం గేటు దగ్గర ఒక కుటుంబాన్ని ఎంచుకుని, పదడుగుల వెనక, సాయంత్రం వాళ్లు ఇంటికి వెళ్లేదాకా నడిచేవారు. పిల్లలు ఎక్కడ ఏడ్చారు, పెద్దవాళ్లు ఎక్కడ చెప్పులు విడిచి కూర్చున్నారు, ఎవరు దేనివైపు చెయ్యి చూపించి వద్దనుకున్నారు, అన్నీ చూసేవారు. ఒకరోజు ఆ పని నాకు అప్పగించారు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఎనిమిదిమంది. గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డు వాళ్ల సద్దిమూటను ఆపాడు. బయటి తిండి తేకూడదని బోర్డు రాయించింది నేనే. లోపల పిజ్జా, నూడుల్స్ దుకాణాలు పెట్టించింది కూడా నేనే. ముసలమ్మ మూటకు కాపలాగా బయటే ఉండిపోయింది. మధ్యాహ్నం మిగతా ఏడుగురూ ఆమె దగ్గరికే వెళ్లి, జొన్నరొట్టెలు విప్పుకుని తిని, అటునుంచి అటే ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నేను రుసరుసలాడుతూ వచ్చి, "వీళ్లకు పార్కుకు రావడం కూడా తెలియదు సారూ," అన్నాను.

"వాళ్లకు పార్కుకు వచ్చుడు తెల్వదా? నీకు వాళ్లను పిలుచుడు తెల్వదా?" అన్నారు సారు. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగారు. ముసలమ్మ లోపలి పిల్లల రైలుబండి ఎక్కలేదు, నీళ్లు చూడలేదు. ఆమె టికెట్ మాత్రం కొన్నారు.

వారం తిరిగేసరికి బోర్డు తీసేశాం. ఓడ కింది అంతస్తులో పొడుగాటి అరుగులు కట్టించాం, ఎవరి మూట వాళ్లు విప్పుకోవడానికి. మూటలో చల్లారిపోయేవి, మూటలో పట్టనివి మాత్రమే మేము అమ్మాం. పొగలు కక్కే వంకాయ కూర, మిరపకాయ బజ్జీలు, పచ్చిపులుసు, చల్లటి మజ్జిగ. బోర్డు మీద ఏం రాయాలని అడిగితే సారు ఆలోచించకుండా చెప్పారు: రొట్టె మీది, కూర మాది. యజమాని ఫోన్లో లబోదిబోమన్నాడు. కానీ జనం చీకటి పడేదాకా ఉండటం మొదలుపెట్టాక ఆయనే ఇంకో పొయ్యి పెట్టించమన్నాడు.

ఇక మిగిలింది బొమ్మ. యజమానికి టీవీలో పిల్లలు విరగబడి చూసే నీలి పిల్లి కావాలి. నాకూ పిచ్చిగా కావాలి. ఆ పిల్లి ముంబైలోని ఒక కంపెనీది. దాని వేషం తిప్పాలంటే ఒప్పందం రాసుకోవాలి. ఒప్పందం పంచాంగమంత లావు ఉంది. పిల్లి నేలమీద కూర్చోకూడదు. మాట్లాడకూడదు. జనం ముందు తినకూడదు. దాని రంగులో, రూపంలో వెంట్రుకవాసి మార్పు ఉండకూడదు. నేను తెలుగులో చెబుతుంటే సారు విని, "గీ పిల్లి అత్తగారింటికొచ్చిన కొత్తకోడలి కంటె పరేషాన్లున్నదే," అన్నారు. వేషం వేయడానికి తిరుపతయ్య వచ్చాడు. ఊరూరా వీధి నాటకాలు, బయలాటలు ఆడిన మనిషి. నలభై దాటాయి, ఆటలకు పిలిచేవాళ్లు తగ్గి ఈ పనిలో చేరాడు. శుక్రవారం కంపెనీ అధికారి వచ్చి చూసి సంతకం పెడితే పిల్లి మాదైపోతుంది.

ఆ శుక్రవారం ఉదయం అందరికన్నా ముందు వెళ్లాను. బల్లమీద పిల్లి తల మెరిసిపోతోంది. నీలి వెల్వెట్, నుదుట తెల్లటి మచ్చ. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. మా ఇంట్లో కొత్త మగ్గం దించినా, నూలు కండెలు చుట్టే కొత్త రాట్నం వచ్చినా అమ్మ ముందుగా దానికి పసుపు రాసి కుంకుమ పెడుతుంది. ఆ పూట నా చెయ్యి నన్ను అడగలేదు. ఓడ దగ్గర పూజకని ఉంచిన పళ్లెంలోంచి పసుపు తీసి తడిపి, ఆ తెల్లమచ్చ మీద గుండ్రంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, దండం కూడా పెట్టుకున్నాను!

అధికారి పదింటికి వచ్చాడు. తిరుపతయ్య వేషంలో చేతులూపుతూ ఎదురొచ్చాడు. అధికారి ముఖంలో నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. తడిగుడ్డతో తుడిస్తే పసుపు చెవులదాకా పాకింది. ఫొటోలు తీసుకున్నాడు, ముంబైకి ఫోన్ చేశాడు, అనుమతి ఆగిపోయిందని చెప్పి కారెక్కాడు. సారు ఫోన్లో యజమాని గొంతు గదంతా వినిపించింది.

"ఎవడు చేసిండు గా పని? వేషమేసేటోడేనా? రేపటి సంది రావొద్దని చెప్పు వానికి!"

తిరుపతయ్య పిల్లి తల చంకలో పెట్టుకుని చెమటతో తడిసి నిలబడ్డాడు. "నేను గాదు సారూ. లోపట దూరితే నాకు దాని మొఖమే కనపడదు," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నా జీతం, అమ్మానాన్నలు, చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్న ఉద్యోగం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏ పాపం ఎరగని మనిషి నా వల్ల రోడ్డున పడుతుంటే గోడమీది షెడ్యూలు చదువుతున్నట్టు నటించాను.

మధ్యాహ్నం అరుగు మీద టిఫిను విప్పుతూ సారు తలెత్తకుండానే అన్నారు: "చెయ్యి కడుక్కొని రా బిడ్డా."

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చటుక్కున నా చెయ్యి చూసుకున్నాను. ఉంగరపు వేలి గోరు చుట్టూ పచ్చగా పసుపు. ఆయన రొట్టె తుంచుతున్నారు. నావైపు చూడనే లేదు. నేను నల్లా దగ్గరికి వెళ్లలేదు. అదే చేత్తో ఫోన్ తీసి యజమానికి చేశాను.

"సార్, బొట్టు పెట్టింది నేను. తిరుపతయ్య కాదు."

"ఐతే నువ్వే రాజీనామా రాసియ్," అన్నాడు యజమాని. సారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

"ఒక్కమాట సేటూ. గీ పిల్ల బొట్టు ఎందుకు వెట్టింది? మనదనుకొని వెట్టింది. రేపు వచ్చే ముసలమ్మలు గూడ గట్లనే వెడ్తరు. ఎంతమందిని తీసేస్తవ్? బొట్టు వెట్టనియ్యని బొమ్మ మనోళ్ల నడుమ ఎన్ని దినాలు తిరుగుతది?" అవతలివైపు విని, మళ్లీ అన్నారు. "ఇరవై దినాలియ్యి. బొమ్మ మేమే చేస్తం. జనానికి నచ్చకుంటే ఇద్దరం పోతం, నేనూ గీ పిల్లా."

ఆ ఇరవై రోజులూ నేను భూమ్మీద నడవలేదు! సముద్రాన్ని ఎన్నడూ చూడనిది ఏది అని ఆలోచిస్తుంటే, ఒక సాయంత్రం హైవే మీద గొర్రెలమంద అడ్డం వచ్చి లారీలన్నీ ఆగిపోయాయి. సారూ నేనూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి నవ్వాం. నల్లగొర్రె! మెట్టపొలాల్లో పుట్టి సముద్రం చూడటానికి బయలుదేరిన నల్లగొర్రె, పేరు మల్లిగాడు. ఓడ కెప్టెన్ టోపీ, దానికి మా అమ్మ ఇచ్చిన గద్వాల జరీ అంచు. నుదురు మాత్రం నున్నటి రెక్సిన్‌తో చేయించాను, ఎన్నిసార్లయినా బొట్టు పెట్టి తుడుచుకునేలా. నీలి పిల్లికి నోరు లేదు. మల్లిగాడికి తిరుపతయ్య నోరు ఉంది. ఓడ తెరిచిన రోజు అతను దానిమీద నిలబడి బయలాట గొంతెత్తి, "ఓరి దేవుడా, గిన్ని నీళ్లా! మా చెర్వుకు జర అప్పియ్యరాదుర్రి!" అనగానే కింద జనం ఈలలు వేశారు. ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి, కుంకుమ పొట్లం తీసి అతని నుదుట పెట్టింది. ఆమె వెనక వరుస కట్టారు. అమ్మ చీర పాదాలపైకి ఎత్తిపట్టుకుని అలలో నిలబడి చిన్నపిల్లలా కేకలు పెట్టింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

జనం వెళ్లాక సారు ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అన్నాళ్లూ గొంతులో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"ఆ శుక్రవారం నా వేలు పొద్దున్నే చూశారు కదా సారూ? అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే అది చాడీ ఐతది. నువ్వు చెప్తే నిజమైతది. చెప్తవని తెలుసు బిడ్డా. జర లేటు చేసినవ్, గంతే."

ఆ తర్వాత ఎన్నో పార్కులు కట్టాను. కంపెనీల బొమ్మలూ తెచ్చాను, సొంత బొమ్మలూ చేశాను. తప్పులూ చాలానే చేశాను. కానీ చేసిన ప్రతి తప్పునూ మధ్యాహ్నం భోజనానికి ముందే చెప్పేస్తాను. నేను పన్నెండింటికి లేచి నిలబడితే చాలు, మా ఆఫీసులో అందరూ నవ్వడం మొదలుపెడతారు. ఆ రోజు నేను నిజం చెప్పేదాకా తిరుపతయ్య రెండు గంటలసేపు పిల్లి తలను చంకలో పెట్టుకుని ఆఫీసు గది బయట ఎండలో నిలబడ్డాడని వాళ్లకు తెలియదు.