తన కారుకి తనే అబ్జెక్షన్ పెట్టిన పెదనాన్న

మెట్రో ఇంకా మా వైపు తొంగిచూడని ఆ రోజుల్లో, ఢిల్లీలో ఉద్యోగమొచ్చిన తెలుగుపిల్ల ముందుగా వెతికేది ఇంటిని కాదు, చుట్టాల్ని. నాకు ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో పెదనాన్న, పెద్దమ్మ దొరికారు. వాళ్ళతోపాటు, ఎవరూ ముందుగా చెప్పని మూడో మనిషి కూడా దొరికింది. ఇంటివెనక రేకుల షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పాలమీగడ రంగు, నేలమీద కూచున్నంత ఎత్తు. (కూచోవడం సులువే, లేవడానికే ఎవరైనా చెయ్యివ్వాలి.)

పెదనాన్నది ఆడిట్ ఉద్యోగం. ఇతరుల ఫైళ్ళలో తప్పులు వెతికి అబ్జెక్షన్లు రాయడమే పని. ఆ అలవాటుని ఆఫీసులో వదిలిపెట్టి వచ్చేవారు కాదు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువ పడితే "కిందటి వారం కంటే హెచ్చుగా ఉంది, కారణం?" అనేవారు. "కారణం నా ఖర్మ!" అని పెద్దమ్మ వెంటనే వివరణ ఇచ్చుకునేది. ఏళ్ళ తరబడి ఆయన ఆదివారాలన్నీ ఆ కారుకే. ఏ బోల్టయినా సరే, ఫ్యాక్టరీలో బిగించినటువంటిదే కావాలి. ఇంజను కింద ఆయిల్ బొట్లు పడుతున్నాయని కరోల్ బాగ్ కార్ల మిస్త్రీ జాలిపడి కొత్తరకం సీలు వేసి ఆపేశాడు. పెదనాన్న దాన్ని పీకించి పాతరకం పెట్టించారు. "సాబ్, ఫిర్ టపకేగా," మళ్ళీ కారుతుందని మొత్తుకున్నాడు మిస్త్రీ. "టపకనే దో. కొత్తలో కూడా టపకతా థా," అన్నారు పెదనాన్న. మళ్ళీ బొట్లు పడిన రోజున మా ఇంట్లో సేమ్యా పాయసం.

ఇదంతా ఏటా జరిగే పాతకార్ల ర్యాలీ కోసం. కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందని పరీక్షకులు ఒప్పుకుంటేనే అద్దానికి స్టిక్కరు అంటిస్తారు, ఊరేగింపులో చోటిస్తారు. నేనొచ్చిన ఏడాదికి గానీ కారు సిద్ధం కాలేదు. మరుసటేడు పెదనాన్న రిటైరవుతారు. క్వార్టరుతోపాటు షెడ్డూ ఖాళీ చెయ్యాలి, కారుని ఎవరికో అప్పగించక తప్పదు. అంటే ఆ ర్యాలీయే ఆయనకి మొదటిదీ ఆఖరిదీ.

ర్యాలీ రోజు ఉదయం పెద్దమ్మ గేటుకి అడ్డంగా నిలబడింది. "కొత్త బండికి పూజ చెయ్యకుండా ఎలా తీస్తారండీ?"

"కొత్తదేమిటే, నాకంటే కాస్తే చిన్నది."

"కొత్తదానిలా చేశానని ఊరంతా చెప్పుకుంటున్నారుగా!"

ఈ వాదనలో పెదనాన్నకి అబ్జెక్షన్ దొరకలేదు. రంగుమీద పసుపు రాయడానికి మాత్రం ససేమిరా అన్నారు. "సరే, రంగు లేనిచోటే చేస్తా," అని పెద్దమ్మ బానెట్ ఎత్తించి, ఇంజనుకే బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కర్పూర హారతి ఇచ్చింది (పెట్రోలుకి దూరంగానే లెండి). చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను కొబ్బరికాయ కొట్టాను. పెదనాన్న హారతి కళ్ళకద్దుకుని, భక్తిగా బానెట్ మూసేశారు. దండ లోపలే ఉండిపోయింది. ముగ్గురం చదువుకున్నవాళ్ళమే.

రెండు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక ఆటోలో పులిహోర డబ్బాతో నేనూ బయల్దేరాం. ధౌలా కువాన్ దగ్గర కారు ముందునుంచి గుప్పుమని ఆవిరి లేచింది. తెరిచి చూస్తే దండ దారం ఫ్యానుకి చుట్టుకుని, బెల్టు తెగి పడుంది. ఇంగ్లండు నుంచి ఎవరిచేతో తెప్పించిన, ఆ కాలం నాటి బెల్టు. రెండోది లేదు. పెదనాన్న ఫుట్‌పాత్ మీద కూలబడి "అయిపోయిందే" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదలు, భయమేసింది. పెద్దమ్మ ఆయన వంక ఒక్కక్షణం చూసి, "అమ్మడూ, చున్నీ ఇలా ఇయ్యి" అంది. మంగళగిరి చున్నీ అది, ఉతకడానికే నాకు మనసొప్పేది కాదు. దాన్ని తాడులా పేని, బెల్టు తిరిగే చక్రాల చుట్టూ బిగించి, మూడు ముళ్ళూ తనే వేసింది. ఇంజను చల్లారాక నీళ్ళు పోసుకుని, నత్తనడకన కంటోన్మెంటు వైపు మైదానానికి చేరాం.

పరీక్షకుడు తెల్లమీసాల రిటైర్డు కర్నలు. కారు చుట్టూ తిరిగారు, దీపాలు తట్టారు, వంగి కిందపడ్డ ఆయిల్ బొట్టు చూసి "వాహ్!" అని మురిసిపోయారు. స్టిక్కరు వెనక కాగితం ఒలిచారు. బానెట్ ఎత్తమని అడగనే లేదు. పెద్దమ్మ వెంకన్నకి మొక్కుకుంటోందని పెదాలు చూస్తేనే తెలుస్తోంది. అప్పుడు పెదనాన్న గొంతు సవరించుకున్నారు.

"వన్ మినిట్ సర్. ఫ్యాన్ బెల్టు ఒరిజినల్ నహీ హై." అని తనే బానెట్ ఎత్తారు.

కర్నలుగారు వంగి ముళ్ళు లెక్కపెట్టారు. "యే క్యా హై?"

"హమారీ బేటీ కా దుపట్టా."

పాపం, ఆయన బాధపడుతూనే స్టిక్కరుని మళ్ళీ కాగితానికి అంటించేశారు.

"నోరు మూసుకుంటే ఏం పోయేదండీ? ఆయన అడగలేదుగా!" అంది పెద్దమ్మ.

"అడిగాక చెప్పేది సంజాయిషీ. అడక్కుండా చెబితేనే ఆడిట్," అన్నారు పెదనాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. చున్నీ పోయె, ర్యాలీ పోయె! పెద్దమ్మ మాత్రం పులిహోర డబ్బా మూత తీసింది. కార్లు వరసగా హారన్లు మోగించుకుంటూ ఊరేగింపుకి వెళ్ళిపోతుంటే, మైదానం బయట కారు పక్కనే నిలబడి ముగ్గురం తిన్నాం. పెదనాన్న కళ్ళు తడిగా ఉన్నాయి. ఎండుమిరపకాయ కొరికానన్నారు.

మర్నాడు మా నోయిడా ఆఫీసులో, నేను టెస్ట్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని కస్టమరుకి పంపబోతూ మేనేజరు "ఎవ్రీథింగ్ ఓకే?" అన్నాడు. అందరూ తలూపారు. ఎవరికీ కనబడని తప్పొకటి ఉందని నాకు తెలుసు. చెయ్యెత్తాను. ఆ శని, ఆదివారాలు టీమంతా ఆఫీసులోనే, నాతో ఎవరూ టీ తాగలేదు. ఇన్నేళ్ళలో అలా చాలా టీలు ఒంటరిగానే తాగాను. ఈసారికి ఊరుకుందాంలే అని ప్రతి మీటింగుకీ ముందే గట్టిగా అనుకుని మరీ వెళ్తాను. తీరా చూస్తే చెయ్యి అప్పటికే పైన ఉంటుంది.