సోంపేట దాకా దీవెన

మొన్న మా మనవరాలు విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరడానికి బయల్దేరుతుంటే, ప్రార్థన చేసి పంపించమని మా సంఘం పాస్టరుగారిని పిలిపించాం. ఆయన వచ్చి, పిల్ల తలమీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేతికున్న గడియారం వైపు ఓరకంట చూసుకుంటూ, నేనింకా కొంగు తలమీదికి లాక్కోకముందే ఆమేన్ అనేశాడు. పిల్ల కూడా అంతే, చీర దులుపుకుని వెళ్ళి రిక్షాలో కూర్చుంది. ఇదేం దీవెనమ్మా, పెదవి తడవకుండానే అయిపోయిందని నేను సణుగుతుంటే, పొడవు ప్రార్థనలంటే మీకే కదా అత్తయ్యా పడదు అని మా కోడలు నవ్వింది. నిజమే, పడదు. ఎందుకు పడదో మా కోడలికి చెప్పినా అర్థం కాదు గాని, ఆ కాలపు ఉపదేశుల ఇళ్ళలో పుట్టి మోకాళ్ళు కాయలు కాచిన నా ఈడువాళ్ళకు ఒక్కముక్క చెబితే చాలు.

మా ఊరు ఉద్దానంలో, సముద్రపు హోరు వినబడేటంత దగ్గరలో, కొబ్బరి పనస తోటల మధ్య ఇసకలో ఉండేది. ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళు చేతివేళ్ళకు మించవు. తాటాకు కప్పిన చిన్న ప్రార్థనశాల, అందులో వాక్యం చెప్పి ప్రార్థన నడిపించే ఉపదేశి మా నాన్న. మంచివాడు, అబద్ధమాడడు, ఎవరినీ చెయ్యి చాచి అడగడు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆయన ప్రార్థనే. దేవుని మాటకు లోబడినవాడికే దీవెన, పెద్దల మాటకు లోబడడం అందులో మొదటి మెట్టు అని ఆయన ప్రతి ఆదివారమూ చెప్పేవాడు. ఆ చెప్పినదాన్ని మామీద ప్రయోగించేది మాత్రం ప్రయాణాలప్పుడు.

మా ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా, మందస సంతకైనా సరే, మోకాళ్ళూని ఆయన చెయ్యి తలమీద పడి, ప్రార్థన ముగిసి, అందరూ ఆమేన్ అనేదాకా గడప దాటకూడదు, మూట ఎత్తకూడదు. మధ్యలో లేచామా, ప్రార్థన మళ్ళీ మొదటినుంచీ. ఒకసారి మా తమ్ముడు చీమ కుట్టిందని లేచిన పాపానికి మేమందరం సృష్టి ఆరంభం నుంచి మళ్ళీ వినవలసి వచ్చింది. అది నేను వెటకారానికి అనడం లేదు. ఆయన నిజంగానే అక్కడ మొదలుపెట్టేవాడు. ఏదెనులోంచి ఓడలోకి, ఓడలోంచి అబ్రాహాము గుడారంలోకి వచ్చి, అబ్రాహాము ఎక్కడికి పోవాలో తెలియకపోయినా చెప్పినమాట విని బయల్దేరాడు గనకనే దీవెన పొందాడని అక్కడ చాలాసేపు ఆగేవాడు. నాకు ఒళ్ళు మండేది. అబ్రాహాము బయల్దేరాడు కదా, మమ్మల్ని బయల్దేరనివ్వడం లేదే అని లోలోపల ఏడ్చుకునేదాన్ని.

తరవాత దారి వచ్చేది. బండి చక్రాలు ఇసకలో దిగబడకుండా, ఎడ్ల గిట్టలకు ముల్లు గుచ్చుకోకుండా, పలాస స్టేషనులో టిక్కెట్టు ఇచ్చేవాడికి దయ కలిగేటట్టు, ఇంజను నడిపేవాడికి కునుకు పట్టకుండా, ఒక్కొక్కటే అప్పగించేవాడు. ఆయన పలాస దాటి ఎన్నడూ వెళ్ళలేదు. అయినా ఆ పైన వచ్చే స్టేషన్లన్నీ ఎవరినో అడిగి బట్టీపట్టి, ఒక్కో స్టేషను దగ్గర దేవుణ్ణి నిలబెట్టి మరీ ముందుకు సాగేవాడు.

మా పొరుగింటి రైతు ఒకాయన, వరసకు మా నాన్నను మావ అనేవాడు, బండి కట్టేది ఆయనే. వాళ్ళు మా మతంవాళ్ళు కారు. పాపం, మా ప్రార్థన అయ్యేదాకా పనసచెట్టు కింద కూర్చుని ఎడ్లకు ఈగలు తోలుతుండేవాడు. ఒకసారి ఓపిక నశించి గుమ్మంలోకి వచ్చి, "మావా, నువ్వు లెగిసేసరికి నా ఎడ్లు కూడా మోకాళ్ళేసీసినాయి, సూడు" అన్నాడు. మేం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. మా నాన్న ఆ ఎడ్లకోసం కూడా ఇంకొంచెంసేపు ప్రార్థించాడు.

ఇంతవరకూ నవ్వులాటే. నవ్వు చచ్చిపోయింది నా చదువు దగ్గర. బరంపురంలో ఆడపిల్లలకు పంతులమ్మ చదువు చెప్పే మిషను బడిలో దొరసాని నాకు చోటిస్తానంది. బడి తెరిచేరోజుకు రానివాళ్ళ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ముందురోజు పలాసలో మధ్యాహ్నపు రైలు ఎక్కితేనే అందుకోగలం. మొదటి ఏడు ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. మేం బండిలో కాశీబుగ్గ చేరుతుండగానే రైలు కూత వేసి వెళ్ళిపోయింది. నేను బండిలో పడి ఏడుస్తుంటే మా నాన్న నెమ్మదిగా, ఈ ఏడు దేవుని చిత్తం లేదమ్మా అన్నాడు. దేవుని చిత్తం ఉంది నాన్నా, నీ ప్రార్థనే అడ్డొచ్చింది అందామని నాలిక చివరిదాకా వచ్చింది. కాని మేం లోబడవలసిన పిల్లలం కదా, నోరు మూసుకున్నాను.

మరుసటి ఏడు దొరసాని మళ్ళీ కబురుపెట్టింది, ఇదే ఆఖరుసారి అని కూడా చెప్పించింది. ఈ లోపల టెక్కలి వైపునుంచి ఒక ఉపదేశి, భార్య పోయినవాడు, నాకు రెట్టింపు వయసువాడు, నన్ను ఇచ్చి పెళ్ళి చెయ్యమని అడుగుతున్నాడు. చదువుకు వెళ్తే సరే, వెళ్ళకపోతే ఆ సంబంధం ఖాయం చేద్దామని మా నాన్న అనేశాడు. అంటే ఆ మధ్యాహ్నపు రైలు అందకపోతే నాకు పలక, బలపం, బడిపిల్లలు అన్నీ అక్కడితో సరి.

ఆ పొద్దున తెల్లారకముందే బండి వాకిట్లో నిలబెట్టించాను. పెట్టె అందులో పెట్టనిచ్చారా, లేదు, ఆమేన్ కాకుండా మూట ఎత్తకూడదు కదా. మోకాళ్ళూనాం. మా నాన్న కూతురు దూరం పోతోందన్న బెంగతో ఆరోజు మరింత నిదానించాడు. ఏదెను అయింది, ఓడ అయింది, అబ్రాహాము అయ్యాడు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. బయట బండి ఆయన రెండుసార్లు దగ్గాడు. ఇసకదారి, ఎడ్లు, పలాస, టిక్కెట్టు, ఇంజను. మందస దాటాడు. సోంపేట వచ్చింది. సోంపేటలో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ నన్ను తోసెయ్యకుండా చూడమని అడిగి, ఇచ్ఛాపురం ఎత్తుకోవడానికి ఊపిరి తీసుకున్నాడు.

"ఆమేన్" అంది మా అమ్మ.

మా అమ్మ ఆయన మాటకు ఎదురుచెప్పడం నేనెరగను. ఆయన తినకుండా తినేది కాదు, ఆయన పాట ఎత్తకుండా పాట ఎత్తేది కాదు. ఆ ఊళ్ళో లోబడిన భార్య ఎలా ఉండాలో చెప్పవలసివస్తే ఆడవాళ్ళు మా అమ్మనే చూపించేవాళ్ళు. అటువంటి మనిషి, గట్టిగా, గుడిలో అన్నట్టే ఆమేన్ అనేసరికి, అలవాటుకొద్దీ తమ్ముడూ నేనూ కూడా ఆమేన్ అనేశాం. ఆమేన్ అయ్యాక ప్రార్థన అయిపోయినట్టే, అది ఆయన పెట్టిన కట్టడే. మా నాన్న కళ్ళు తెరిచి, చెయ్యి ఇంకా నా తలమీదే ఉంచి, ఆమె వైపు చూశాడు.

"సోంపేట దాకా మీరు దీవించీసినారు గదా," అంది మా అమ్మ కొంగు సర్దుకుంటూ, "అక్కడ్నుండి దేవుడు సూసుకుంతాడు. లెగండి."

ఆయన లేచాడు. పెట్టె ఆయనే మోసి బండిలో పెట్టాడు. పలాసలో రైలెక్కి, కదిలాక చూస్తే, ఆయన స్టేషను బయట తలమీద గుడ్డయినా లేకుండా ఎండలో నిలబడి ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి. ఇచ్ఛాపురం నుంచి మొదలుపెట్టాడన్నమాట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిటికీలోంచి చెయ్యి ఊపాను గాని ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆ రోజునుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది, ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే. ప్రార్థన మొదలుపెట్టేది మా నాన్న, ముగించేది మా అమ్మ. నేను బరంపురంలోనే పంతులమ్మనై సెలవులకు వచ్చి పోతున్నప్పుడల్లా చూసేదాన్ని. ఆయన దారిలో ఏదో ఒకచోట గొంతు కాస్త తగ్గించి ఆగేవాడు, ఆవిడ బండి వైపూ ఎండ వైపూ చూసి, ఇంక చాలనుకుంటే ఆమేన్ అనేది, లేకపోతే సాగనిచ్చేది. ఆవిడ అన్న తరవాత ఆయన ఒక్కమాట ఎక్కువ పలకలేదు. ఎవరు ఎవరికి లోబడ్డారో నేను చెప్పలేను గాని, ఆ తరవాత మాలో ఎవరికీ రైలు తప్పలేదు.

మా అమ్మ వానాకాలపు జ్వరంతో పోయింది. దినాలు గడిచి నేను మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరే రోజున ఎప్పటిలాగే మోకాళ్ళూనాను. మా నాన్న ప్రార్థన ఎత్తుకున్నాడు. ఎడ్లు, ఇసక, పలాస, అన్నీ వచ్చాయి. మందస దగ్గర ఆగాడు. ఆమేన్ అనే మనిషి లేదు. సోంపేట దగ్గర ఆగాడు, ఇచ్ఛాపురం దగ్గర ఆగాడు, బరంపురం చేరాడు, నా బడి, బడిపిల్లలు, వాళ్ళ పలకలు కూడా అయిపోయాయి. ఇంక చెప్పడానికి దారి లేక మళ్ళీ మా వాకిలి నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు ముగించడం రాదని. అన్నేళ్ళుగా ఆ పని ఆవిడకే వదిలేశాడు. తమ్ముడు తల వంచుకుని ఏడుస్తున్నాడు. ఆవిడ అనవలసిన ఆమేన్ నేను అనలేకపోయాను. బండి ఆయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెళ్ళి ఎడ్లను విప్పేశాడు.

ఆ రోజు రైలు వెళ్ళిపోయింది, నాకు కోపం రాలేదు. మర్నాడు ఆ ఆమేన్ నేనే అన్నాను.

ఇప్పుడు బరంపురం, విశాఖపట్నం ఏమీ దూరాలు కావు, ఎవరి టిక్కెట్టు వాళ్ళే కొనుక్కుంటున్నారు, ఎవరి ఆమేన్ వాళ్ళే అనేసుకుంటున్నారు. మా పిల్లలూ మంచివాళ్ళే, చెప్పినమాట వింటారు, ప్రార్థన లేకుండా గడప దాటరు. కాని మా ఇంట్లో ఇప్పుడు ఎవరి ప్రార్థననూ ఎవరూ మధ్యలో ఆపవలసిన అవసరం రావడం లేదు.