బొట్టు పెట్టని పిలుపు

రాజమ్మకు కుళ్లు. ఈ మాట ఊళ్లో చాటుగా అనేవాళ్లు చాలామందే ఉన్నారు. దాచడం దేనికి, మొదటే చెప్పేస్తే చెప్పేవాళ్లకూ సుఖం, వినేవాళ్లకూ సుఖం. బొల్లాపల్లి మండలం గుట్టపాలెంలో ఆమె పదిహేనేళ్లుగా ఆశా కార్యకర్త. ఆమెకు కుళ్లు పుట్టించిన మనిషి పేరు ఇష్రత్. నరసరావుపేట పిల్ల, పాతికేళ్లుంటాయి. నర్సింగ్ చదివి, ఊళ్లో కొత్తగా కట్టిన క్లినిక్‌కు కిందటేడు నర్సుగా వచ్చింది.

అంతకుముందు గుట్టపాలెంలో క్లినిక్ అంటే రాజమ్మ భుజాన వేలాడే సంచీయే. క్వారీలో రాళ్లు కొట్టే ఆడవాళ్లకు జ్వరం వచ్చినా, పసిబిడ్డకు టీకా వేయించాలన్నా ఆమె గుమ్మమే తొక్కేవాళ్లు. ఎవరికి నెల తప్పినా ముందు రాజమ్మకు తెలిసేది, ఆ తర్వాతే మొగుడికి. దుర్గ అనే పిల్లకు వినుకొండ రోడ్డు మీద 108 బండిలోనే కాన్పయిపోతే, బిడ్డను మొదట పట్టుకున్నవి రాజమ్మ చేతులే.

అలాంటి దుర్గ ఒకనాడు పంపు దగ్గర ఏమందో వినండి.

"అత్తా, ఐరన్ మాత్ర టీ తాగినాక ఏసుకోకూడదంట. ఇష్రత్ మేడం చెప్పింది. ఎంత బాగా చెప్పిద్దో."

"నేను చెప్పలా నీకు?"

"ఏమో అత్తా. నువ్వు చానా చెప్తావుగా, ఏవని గుర్తుంటయ్."

రాజమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క దుర్గ కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ చెప్పింది. బతిమాలి చెప్పింది, తిట్టి చెప్పింది. అదే ముక్క తెల్లకోటు వేసుకున్న పిల్ల నోట్లోంచి వచ్చేసరికి అమృతమైపోయిందా? బిందె నిండకుండానే ఎత్తుకుని ఇంటికొచ్చి, ఏ పాపం ఎరగని మొగుడు శివయ్య మీద ఆ కోపమంతా దులిపేసింది.

శుక్రవారం సాయంత్రాలు ఇష్రత్ క్లినిక్‌లో ఆడవాళ్లకు పాఠం చెప్పేది. రక్తహీనత, బీపీ, క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా తినేస్తుందో, ముక్కుకు గుడ్డ ఎలా కట్టుకోవాలో బొమ్మలు చూపించి మరీ చెప్పేది. రాళ్లు కొట్టి కొట్టి దుమ్ముతో తెల్లబడ్డ మనుషుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి 'మీరు' అని పిలిచేది. వాళ్లను 'మీరు' అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. రాజమ్మ వెనక వరసలో కూర్చుని, ఎక్కడన్నా తప్పు దొర్లకపోతుందా అని చెవులు రిక్కించి వినేది. ఒక్క తప్పూ దొర్లేది కాదు. అందుకింకా కడుపు మండేది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి వేరే ఉంది. రాజమ్మకు నెలసరి ఆగిపోయి మూడేళ్లయింది. అలాంటిది మొన్న దసరా నాడు చీరకు మరక కనిపించింది. వారం తర్వాత మళ్లీ, దీపావళికి మళ్లీ. దాన్ని నిర్లక్ష్యం చెయ్యకూడదని ఆమెకు తెలుసు. ఊళ్లో ఆడవాళ్లందరికీ బొమ్మల పుస్తకం తిప్పి చెప్పిన మనిషే కదా. "ఆగినాక మళ్లీ కనపడితే ఒక్క రోజు కూడా దాచొద్దమ్మా, క్యాన్సర్ కావచ్చు" అని ఎంతమందిని హెచ్చరించిందో. తన వంతుకు వచ్చేసరికి దాచింది. ఎందుకంటే చెప్పుకోవాల్సింది ఇష్రత్‌కు. ఆ బల్ల మీద పడుకుని, ఆ పిల్ల ముందు చీర ఎత్తుకుని, ఆ పిల్ల "అయ్యో పాపం" అంటే వినాలి. దానికన్నా చావు నయమనుకుంది. ఆ మాట నిజంగానే అనుకుంది, అదీ ఆమె కుళ్లు లోతు.

శివరాత్రికి వారం ముందు ఇష్రత్ సంబరంగా ఒక కబురు చెప్పింది. కోటప్పకొండ తిరునాళ్లు అయిపోయాక వచ్చే మంగళవారం నరసరావుపేట నుంచి డాక్టర్ షెర్లీ వస్తారట. ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భసంచి పరీక్షలు చేస్తారట.

"ముప్పై మందైనా రావాలి రాజమ్మక్కా. మీరు పిలిస్తే వస్తారు."

"ఫోన్ గ్రూపులో పెట్టండి మేడం. అందరికీ ఫోన్లే గదా ఇప్పుడు" అంది రాజమ్మ.

ఇక్కడే ఉంది కిటుకు. గుట్టపాలెంలో ఆడవాళ్లను శుభకార్యానికి బొట్టు పెట్టి పిలుస్తారు. ఆ పద్ధతిని రాజమ్మ తన పనికి వాడుకుంది. టీకాల రోజైనా, కంటి పరీక్షల రోజైనా, ముందురోజు కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకూ తిరిగేది. బొట్టు పెట్టుకోని వాళ్లను చెయ్యి పట్టుకుని పిలిచేది. బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే పిలిచినవాళ్లను అవమానించినట్టే. అందుకే క్వారీ కూలి ఒక పూట పోయినా సరే వచ్చేవాళ్లు. ఈ సంగతి ఇష్రత్‌కు తెలియదు. మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారనుకుంది. రాజమ్మ చెప్పలేదు.

లోపల ఒక లెక్క కూడా వేసుకుంది మహాతల్లి. గ్రూపులో పెడితే సగం మందైనా వస్తారు. ఇష్రత్ మొహం చిన్నబోవడానికి ఆ సగం చాలు. ఆ గుంపులో తానూ కలిసిపోయి, ఎవరి కంటా పడకుండా పెద్ద డాక్టరుకే చూపించుకుని బయటపడటానికీ ఆ సగం చాలు.

మంగళవారం వచ్చింది. డాక్టర్ షెర్లీ తొమ్మిదిన్నరకల్లా దిగారు. పదయింది, పదకొండయింది. సగం కాదు కదా, ఒక్క పురుగు రాలేదు. కోటమ్మ మాత్రం గేదెను తోలుకుంటూ అటుగా పోతూ ఆగింది.

"ఏందొదినా, ఇయ్యాళేనా అది? నువ్వు పిలవలేదుగా, లేదేమో అనుకున్నాం."

డాక్టరు గడియారం చూసుకున్నారు. "ఇష్రత్, ఒంటిగంట దాకా చూస్తాను. మళ్లీ ఈ ఊరికి రావాలంటే మూడు నెలలు పడుతుంది" అన్నారు. ఇష్రత్ మొహం పాలిపోయింది.

రాజమ్మకు కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, పండగ చేసుకున్నంత హాయిగా ఉంది. ఆ హాయి ఒక్క నిమిషమే ఉంది. మూడు నెలలన్న మాట అప్పుడు చెవికెక్కింది. అంతవరకూ ఇలాగే మరకలు ఉతుక్కుంటూ ఉండాలా? పోనీ ఇప్పుడే లోపలికి పోదామా? ఖాళీ వరండాలోంచి తానొక్కతే లోపలికి పోతే, ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు సాయంత్రానికల్లా ఊరంతా టముకు వేస్తారు. గుంపును రాకుండా చేసింది తానే.

ఇంటికి పరుగెత్తి భరిణె తీసుకుంది. ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టింది. క్వారీ దాకా ఎండలో నడిచింది. ఆడవాళ్లు రాళ్ల నీడన కూర్చుని సద్దులు విప్పుతున్నారు.

"ఏందత్తా, ఎవరి పెళ్లి?" అంది వాళ్లమ్మ పక్కన కూర్చున్న దుర్గ.

"నీ అమ్మకే చేస్తన్నాంలే. చేతులు కడుక్కుని లెగండి."

నవ్వుకుంటూ లేచారు. ఒంటిగంటకు క్లినిక్ వరండాలో నిలబడటానికి చోటు లేదు. డాక్టరు భోజనం మానేసి పని మొదలుపెట్టారు.

ఇంతమందిని తెచ్చిందెవరు? రాజమ్మ. లోపలి నుంచి వచ్చినవాళ్లు పొగుడుతున్నదెవరిని? "భయమే ఎయ్యలా. ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉంది" అంటూ కోటమ్మ బయటికొచ్చింది. ఆ వెనకొచ్చినామె కూడా అదే పాట. ఆరిందనుకున్న మంట మళ్లీ రాజుకుంది. తన వంతు వచ్చినప్పుడల్లా రాజమ్మ పక్కకు తప్పుకుని "నువ్వు పో, నువ్వు పో" అని మరొకరిని తోసింది. చూస్తుండగానే వరండా ఖాళీ అయింది. డాక్టరు చేతులు కడుక్కుని, ఇద్దరికీ చెప్పి వెళ్లి కారెక్కారు.

ఇష్రత్ రిజిస్టరు పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. "ముప్పై నాలుగు మంది అక్కా. అంతా మీ చలవే. కానీ మీ పేరేది ఇందులో?"

"నాకేంది, గుండ్రాయిలాగుంటే."

"ఊరికే అడిగాను" అని ఇష్రత్ రిజిస్టరు మూయబోయింది. బయట కారు స్టార్టయింది. ఆ చప్పుడు వినేసరికి రాజమ్మ వరండా స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"దసరా నుంచి మరకలు పడతన్నయ్" అంది.

ఇష్రత్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు పెద్దవి చేసింది. "అయిదు నెలలు. రోజూ నా ఎదురుగానే ఉన్నారు. నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు కాబట్టే చెప్పలా. నువ్వంటే నాకు కుళ్లు, అమ్మాయ్. పొద్దున జనం రాకపోవటం కూడా నా పనే. బొట్టు పెట్టకుండా ఊరుకుంది నేనే."

తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననుకుంది. ఇష్రత్ ఆ మాటలు పూర్తిగా విన్నట్టు కూడా లేదు. రిజిస్టరు పడేసి, చెప్పులైనా వేసుకోకుండా గేటు దాటి పరుగు తీసింది. కారు అప్పటికే మలుపు దగ్గరుంది. కోటుతో, చున్నీతో, కంకర రోడ్డు మీద, "మేడం, ఆగండి" అని అరుస్తూ ఆ పిల్ల లేడిలా దూకుతోంది.

అంతసేపటి నుంచీ పట్టుకున్న స్తంభాన్ని వదలకుండా రాజమ్మ చూస్తోంది. ఆ వయసు చూసి, ఆ కాళ్లు చూసి, అప్పుడు కూడా ఆమెకు కాస్త కుళ్లుగానే ఉంది. అయినా, త్రికోటేశ్వరా, దానికి ఆ కారు అందేట్టు చెయ్యి తండ్రీ అని, బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ మొక్కనంత గట్టిగా మొక్కుకుంది.

కారు ఆగింది.